కీచకుడు చచ్చే రాత్రి

పెద్దవాళ్ల కోసమే తీసిన కత్తుల, మాయల యానిమేషన్ సిరీస్ ఒకటి 2022లో ప్రైమ్ వీడియోలో మొదలైంది. పేరు ‘ది లెజెండ్ ఆఫ్ వోక్స్ మాకినా’. తలలు తెగుతాయి, నెత్తురు చిమ్ముతుంది, ఆ వెంటనే మొరటు హాస్యం. అది బయటికి రావాలని 2019లో అభిమానులే చందాలు వేసుకుని కోటి డాలర్లకు పైగా పోగుచేశారు. డోన్ కుర్రాళ్లు ఇలాంటివి ఫోన్లలో చూసి పడీ పడీ నవ్వుతుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. బొమ్మలంటే పిల్లోళ్లవి గదా, ఈ నరుకుడేంది, ఈ బూతులేంది అని. ఆ విసుగు నాకు బాధ కలిగిస్తుంది. ఊరంతా చందా వేసుకుని, తెల్లవార్లూ మేలుకుని, నరుకుడూ మాయా బూతూ కలిపి బొమ్మల్లో చూసిన సీమ ఇది. ఇక్కడి తోలుబొమ్మలాట పిల్లలు నిద్రపోయాక కూడా పెద్దవాళ్లు మేలుకుని చూసిన ఆట.

ముందు తోలు సంగతి. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, సాగదీసి ఎండబెడితే దీపం వెలుగు అవతలికి దిగేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగలకూ అంచులకూ చిన్న ఉలులతో బెజ్జాలు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. అందుకే మన తెర మీద నీడ నల్లగా ఉండదు. ఎర్రగా, పచ్చగా వెలుగుతుంది. పెద్ద బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. నడుమ నిలువుగా ఒక బద్ద, చేతులకు పుల్లలు. తెర అంటే ముళ్లతో కలిపి గుచ్చిన రెండు తెల్ల బట్టలు. వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు కరెంటు బల్బులు.

బొమ్మను తెరకు అదిమితే ప్రతి గీతా తేటగా కనిపిస్తుంది. దీపం వైపు వెనక్కి గుంజితే నీడ పెరుగుతుంది, అంచులు చెదురుతాయి. మాయలన్నీ ఈ కాస్త దూరంలోనే ఉన్నాయి. మారీచుడు లేడి కావాలంటే రాక్షసుడి బొమ్మ వెనక్కి పోయిన క్షణంలోనే లేడి బొమ్మ తెరకు ఆనాలి. ఆలస్యమైతే మాయ కాదు, బొమ్మ మార్చడం అవుతుంది. జర్మనీలో లొట్టె రైనిగర్ 1926లో కత్తిరించిన బొమ్మలతో ‘ప్రిన్స్ అఖ్మద్’ చిత్రం తీసింది. అందులో ఇద్దరు మాంత్రికులు రూపాలు మార్చుకుంటూ కొట్టుకుంటారు. ఆమె కెమెరా ఆపి, బొమ్మను జరిపి, మళ్లీ తీసింది. మనవాళ్లకు ఆపే వీలు లేదు. చేతులు మాయ చేస్తుంటే నోరు పద్యం పాడుతూనే ఉండాలి, కాలు కిందున్న చెక్కపలకను తొక్కుతూనే ఉండాలి.

ఆ చెక్కపలక గురించి ఇంకాస్త చెప్పాలి. రథం కదిలినా, గుర్రం దౌడు తీసినా, గద నెత్తిన పడినా ఆడించేవాళ్ల కాలికింద పలక మోగాల్సిందే. ఆటలోని హాస్యపాత్ర బంగారక్క తన మొగుడు జుట్టు పోలిగాడి చెంప పగలగొట్టినప్పుడు మోగేదీ అదే పలక. యుద్ధానికి ఒక వాయిద్యం, హాస్యానికి మరొకటి ఈ ఆటలో లేవు. రెండూ ఒకే కాలి పని. రామాయణానికి హాస్యగాళ్లను తర్వాత ఎవరో అతికించారని, వాళ్లు కాలక్షేపమని చెప్పేవాళ్లు ఆ దెబ్బ చప్పుడు సరిగా వినలేదని నా నమ్మకం.

పోలిగాడు, బంగారక్క, ఆమె వెంటపడే కేతిగాడు: వీళ్ల బొమ్మలు చిన్నవి, కీళ్లు వదులు, మాట ఊరి యాస. దేవతలూ వీరులూ పద్యంలో, ద్విపదలో మాట్లాడతారు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ఈ ఆటగాళ్లకు పెద్ద ఆధారం. పోలిగాడు మాత్రం అప్పు గురించి, కరువు గురించి, పడకింటి గురించి మాట్లాడతాడు. అమెరికా పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1989లో అచ్చయిన వ్యాసంలో ఈ హాస్యగాళ్ల చేతిలోనే ఆట పగ్గాలుంటాయని వాదించాడు. ఆ మాట నిజమని తెర వెనక నిలబడితే తెలుస్తుంది. ఆడించేవాళ్లకు జనం కనపడరు. దీపం కళ్లలో, తెర ఎదురుగా. వాళ్లకు చేరేది చప్పుడొక్కటే. నవ్వు ఎంతసేపు నిలిచింది, ఈల ఎక్కడ పడింది, ఏడుపు గొంతు వినిపించిందా, గుసగుస మొదలైందా. పోలిగాడిని దించి నవ్వు ఎంత గట్టిగా వస్తుందో చూసుకుంటే ఊరు ఎంత మేలుకుని ఉందో తెలిసిపోతుంది. పద్యాన్ని పొడిగించాలా, యుద్ధానికి దూకాలా అన్నది అప్పుడు తేలుతుంది.

ఇదంతా ఒక్కచోట చూడాలంటే విరాటపర్వం చూడాలి. వానలు లేనప్పుడు విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు పల్లెల్లో పాత నమ్మకం. సీమలో ఆ నమ్మకానికి పని ఎక్కువ. కీచకుడు సైరంధ్రి వేషంలోని ద్రౌపది కోసం సెంటు పూసుకున్న పెళ్లికొడుకులా నర్తనశాలకు వస్తాడు. చీకట్లో ముసుగు కింద ఉన్నది వలలుడి వేషంలోని భీముడని జనానికి తెలుసు, వాడికి తెలియదు. ఆ సరసం ఎంత సాగితే నవ్వు అంత పెరుగుతుంది. తర్వాత ముసుగు తొలగుతుంది, పలక మోగుతుంది, కీళ్ల బొమ్మ ముద్దలా ముడుచుకుపోతుంది. నవ్వు ఆగదు, రంగు మారుతుంది. ద్రౌపది సభలో పడ్డ అవమానానికి జనం ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నారు. ఆ ద్రౌపది గొంతు ఆడమనిషిది కావడం ఇక్కడ చాలా ముఖ్యం. వీధినాటకాల్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టిన కాలంలోనూ తోలుబొమ్మలాటలో ఇంటి ఆడవాళ్లే సీతకు, ద్రౌపదికి పాడారు. ఈ ఆట ఆడే, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే కుటుంబాల ఆడవాళ్లు తెలుగు పద్యంలో ద్రౌపది కోపాన్ని పలికించారు.

తర్వాత ఆవుల మందను తోలుకుపోవడం వస్తుంది. పశువులే ఆస్తి అయిన చోట అది పురాణంలా వినపడదు. ఉత్తరకుమారుడి ప్రగల్భాలు, పారిపోవడం, ఆపైన అర్జునుడి సమ్మోహనాస్త్రం. భీష్ముడు తప్ప కౌరవ వీరులంతా నిలబడ్డచోటే సొమ్మసిల్లితే వాళ్ల పైబట్టలు ఒలుచుకొస్తారు. ఇంతకంటే పెద్ద మాయ, ఇంతకంటే పెద్ద నవ్వు ఏ సిరీస్‌లో ఉంది?

సినిమా వచ్చాక, టీవీ వచ్చాక మేళాలు తగ్గాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పుడు చాలా చేతులు దీపాల తొడుగులు, గోడబొమ్మలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట మాత్రం ఎక్కువగా గంట ప్రదర్శనకు కుదించుకుపోయింది. ఆ గంటలో సుందరకాండ పడుతుంది, లంక కాలుతుంది. పోలిగాడికి చోటు ఇరుకు. వాడు లేకపోతే ఆడించేవాళ్లకు జనం నాడి అందదు. అప్పుడు ఎంత మంచి బొమ్మైనా ప్రదర్శనశాలలో గోడకు వేలాడే బొమ్మే.

డోన్ నుంచి గుత్తి మీదుగా రైలెక్కితే ధర్మవరం ఏమంత దూరం కాదు. మన జాతర్లకు ఆర్కెస్ట్రాలు పిలిపించే కమిటీలు ఒక్క ఏడాది ఆ డబ్బు ఈ కుటుంబాలకు ఇవ్వాలి. చీకటి ఉన్న మైదానం చూపించాలి, విరాటపర్వం రాత్రంతా ఆడమని అడగాలి. ఫోన్లలో నరుకుళ్లు చూసే కుర్రాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు, బంగారక్కను తీసేయండి అని మాత్రం చెప్పకూడదు.