నర్సు పక్షాన మాట్లాడేదెవరు?

నర్సు పనిని 'సేవ' అనడం మన సమాజానికి అలవాటు. ఆ మాటలో గౌరవం ఎంతుందో మోసం కూడా అంతే ఉంది. సేవ చేసేవాళ్లకు దండలేస్తారు గానీ హక్కులివ్వరు. అంతా బాగున్నంతకాలం 'సిస్టర్', రోగి ప్రాణం పోయిన రోజున 'ఆ నర్సు నిర్లక్ష్యం'. నరసరావుపేట, మాచర్ల, గురజాల ఆసుపత్రుల్లో పనిచేసే దళిత స్త్రీల స్థితిని ఈ మాటల మధ్య నుంచే చదవాలని మేం అనుకుంటున్నాం.

అంటు మీద నిలబడ్డ సమాజంలో రక్తం, చీము ముట్టుకునే పని అగ్రవర్ణ స్త్రీకి తగనిదైంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రుల ద్వారా దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు ఈ వృత్తిలోకొచ్చారు. పొలం కూలి నుంచి నెల జీతానికి దారి ఇది. ఆ దారికి తాళంచెవి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు. ఉద్యోగం పోతే ఇంకో ఆసుపత్రి చూసుకోవచ్చు. రిజిస్టరులో పేరు కొట్టేస్తే ఏ ఆసుపత్రీ మిగలదు. ఇంట్లో మొదటిసారి చదువుకున్న మనిషికి అది ఆ ఇంటి మొత్తం చదువును కొట్టేయడమే.

చట్టాలు ఏమంటున్నాయి? మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు మూలం 1926 నాటి మద్రాసు చట్టం. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చర్య తీసుకునే ముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది సహజ న్యాయసూత్రం. అయితే చెప్పుకోవడం ఎట్లా? నోటీసు ఇంగ్లీషులో వస్తుంది. కేస్ షీటు ఆసుపత్రి చేతిలో ఉంటుంది. డాక్టరు నోటిమాటగా చెప్పిన మందు కాయితం మీద ఉండదు, ఇచ్చిన నర్సు సంతకం మాత్రం ఉంటుంది. భయంతో మొదటిరోజు రాసిచ్చిన సంజాయిషీయే తర్వాత ఆమె మీద సాక్ష్యమవుతుంది. లాయరు కావాల్సింది చివర్లో హైకోర్టులో కాదు, ఆ మొదటి కాయితం రాసే రోజున.

2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ల గురించి ఆలోచించింది. కేసుల భయంతో వణికే చేతులతో సర్జన్ ఆపరేషన్ చేయలేడంది. మాకు అభ్యంతరం లేదు. కానీ ఇంజెక్షన్ చేసే నర్సు చేతులు వణకవా? ఆసుపత్రిలో ఉన్న మెట్లవరసే తీర్పుల భాషలోనూ కనబడుతోంది.

సర్కారు కొలువులో ఉన్న నర్సు మీద శాఖాపరమైన విచారణ జరిగితే, 1991 నాటి రాష్ట్ర సీసీఏ రూల్స్ ప్రకారం తోటి ఉద్యోగి సాయం తీసుకోవచ్చు. అవతల ప్రభుత్వ పక్షాన లాయరు నిలబడితేనో, అధికారి ఒప్పుకుంటేనో తప్ప ఆమెకు లాయరు లేడు. యజమాని పక్షాన చట్టం తెలిసిన మనిషిని కూర్చోబెట్టి ఉద్యోగికి లాయరును కాదనడం అన్యాయమని 1983లోనే నద్‌కర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు నర్సింగ్ హోంలో, కాంట్రాక్టు మీద చేసే అమ్మాయికి సీసీఏ రూల్స్ పాటి రక్షణా అందదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఉచిత న్యాయసహాయం హక్కు. ఈ వర్గాలకు ఆదాయ పరిమితి లేదు. జీతం తీసుకునే నర్సు కూడా అర్హురాలే. దళిత నర్సుకు స్త్రీగా ఒకసారి, ఎస్సీగా మరొకసారి ఆ హక్కుంది. పైగా ఆ చట్టంలో 'కోర్టు' అంటే నల్లకోటు కోర్టు ఒక్కటే కాదు, న్యాయనిర్ణయం చేసే అధికారం చట్టం ఇచ్చిన సంస్థలన్నీ అందులోకొస్తాయి. రిజిస్టరులోంచి పేరు తీసేసే కౌన్సిల్ ఆ నిర్వచనంలోకి రాదని ఎవరైనా అంటే, ఎందుకు రాదో వాళ్లే చెప్పాలి. అయినా లీగల్ ఎయిడ్ అంటే భరణం కేసులూ లోక్ అదాలతులే అన్నట్టు నడుస్తోంది.

లాయరు ఎవరన్నది రాజకీయ ప్రశ్న అని దళిత ఉద్యమానికి తెలియనిది కాదు. 1991 చుండూరు మారణకాండ తర్వాత బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. గెలుపు నిలవలేదు గానీ, న్యాయం మన దగ్గరకు రావాలన్న డిమాండు నిలిచింది. గొడ్డలిదెబ్బకు లాయరును అడిగిన ఉద్యమం, కలంపోటుకు కూడా అడగాలి గదా?

అందుకే మా డిమాండు పెద్దదేం కాదు. నర్సుకిచ్చే ప్రతి నోటీసు తెలుగులో కూడా ఉండాలి. ఆమెకు ఉచిత లాయరు హక్కుందని ఆ కాయితం మీదే రాయాలి. కేస్ షీటు నకలు జతచేసి, ఆ తర్వాతే జవాబుకు గడువు లెక్కగట్టాలి. పల్నాడు న్యాయవాదుల్లో చదువుకున్న దళిత యువకులు, యువతులు ఈ కేసులు చేపట్టాలి. పొగడ్త ఆమెకు అక్కర్లేదు. పక్కన కూర్చుని కాయితం చదివే మనిషి కావాలి.