హబక్కూకు లెక్క, మా సాక్ష్యం

ఆదివారం మా గూడెం చర్చిలో సాక్ష్యాలు వింటాం. జ్వరం వచ్చింది, ప్రార్థన చేశాం, తగ్గింది, దేవునికి స్తోత్రం. ఇవి అబద్ధాలు కావు. కానీ కష్టాన్ని ఒక్క మాటలో దాటేస్తాయి.

బైబిల్లో హబక్కూకు చివరి ప్రార్థన అలా దాటెయ్యదు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేనిపంట, గొర్రెలు, పశువులు: లేనివాటిని పేరుపేరునా చెప్పి, ఆ తర్వాతే దేవునిలో ఆనందిస్తానంటాడు. పోయినవి తిరిగొచ్చాయని ఎక్కడా అనడు. ఆ ప్రార్థనకు బలం అదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లాలో జీడితోటలు నేలకూలాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పుడూ మావాళ్లు స్తోత్రం చెప్పారు. కూలిన చెట్ల లెక్క మాత్రం మేము విన్న సాక్ష్యాల్లో లేదు.

కృతజ్ఞత అంటే అంతా బాగుందనడం కాదు. నష్టం చెప్పని స్తోత్రం వింటే, వీళ్లకు పరిహారం అక్కర్లేదని అధికారి అనుకుంటాడు. మా సాక్ష్యాల్లో జీడి, కంది, చోడి, ఇంకా చేతికి రాని పోడు పట్టా పేర్లతో సహా ఉండాలి.

అంబలి గిన్నె ముందు మా అమ్మలు ఇప్పటికీ అలాగే ప్రార్థిస్తారు. లేనిది లేదని చెప్పి, ఉన్నదానికి వందనాలు చెబుతారు. రాసే మేము అక్కడి నుంచే మొదలుపెట్టాలి.