ప్రాథమిక తరగతుల్లో సమాచార పాఠ్యాల గుర్తింపు: తెలుగు క్రియారూపాల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కథకూ పద్యానికీ మధ్య ఉన్న భేదాన్ని ప్రాథమిక తరగతి విద్యార్థి సులువుగానే పట్టుకుంటాడు. కథనం, నివేదిక, విధానం, కారణ వివరణ, హెచ్చరిక వంటి సమాచార పాఠ్యాల మధ్య భేదాన్ని గుర్తింపజేసే ఏర్పాటు మాత్రం మన భాషాబోధనలో బలహీనంగా ఉంది. ఆంగ్ల బోధనశాస్త్రం నుంచి వచ్చిన సంకేతపదాల పద్ధతి తెలుగు వాక్యనిర్మాణానికి పూర్తిగా సరిపోదని, సమాపక క్రియను ప్రధానాధారంగా తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విశాఖపట్నంలో పిల్లలకు పరిచితమైన తుపాను హెచ్చరికలు, ఉక్కు కర్మాగార విషయాలు ఇందుకు ఉదాహరణలు.

కీలకపదాలు: సమాచార పాఠ్యం, ప్రక్రియ, సమాపక క్రియ, క్త్వార్థకం, తద్ధర్మం, తుపాను హెచ్చరిక, విశాఖపట్నం.

1. ప్రవేశిక:
ఒక విషయాన్ని తెలియజేయడం, ఒక పనిని చేయించడం లేదా మాన్పించడం ప్రధాన ప్రయోజనంగా గల రచనను ఈ వ్యాసంలో ‘సమాచార పాఠ్యం’ అని వ్యవహరిస్తున్నాను. ఈ నిర్వచనం ప్రకారం పరిసరాల విజ్ఞానంలోని పాఠం, రైళ్ళ వేళల పట్టిక, మందుసీసా మీది సూచన, ఓడరేవులో ఎగిరే తుపాను సంకేతం అన్నీ సమాచార పాఠ్యాలే. మూడో తరగతి దాటిన విద్యార్థి చదువంతా వీటి మీదనే నడుస్తుంది. చదవడం నేర్చుకునే దశ నుంచి చదివి నేర్చుకునే దశకు అతడు మారేది అక్కడే.

ఈ వెలితి మనకే పరిమితమైనది కాదు. అమెరికాలో 20 ఒకటో తరగతి గదులను పరిశీలించిన నెల్ డ్యూక్, అక్కడ సమాచార పాఠ్యాలతో గడిపే సమయం రోజుకు సగటున 3.6 నిమిషాలేనని 2000లో ప్రకటించారు. ఆ తర్వాత ఆంగ్ల బోధనలో ఈ రంగం విస్తరించింది. ఆ పద్ధతులను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

2. ‘వ్యాసం’ అనే ఒకే గంప:
ఉభయ తెలుగు రాష్ట్రాల ఉన్నత తరగతుల వాచకాల్లో ప్రతి పాఠానికీ ‘ప్రక్రియ’ను పేర్కొనే సంప్రదాయం ఉంది. కథానిక, శతకం, పురాణం, గేయం, లేఖ, స్వీయచరిత్ర వంటి పేర్లు అక్కడ కనిపిస్తాయి. సాహిత్య ప్రక్రియల్లో ఇంత సూక్ష్మంగా విభజించిన మనం, సమాచార రచనల దగ్గరకు వచ్చేసరికి వాటిలో అధికభాగాన్ని ‘వ్యాసం’ అనే ఒకే గంపలో వేస్తున్నాం. ఒక పండుగను వర్ణించేది వ్యాసమే, కాలుష్యానికి కారణాలు చెప్పేది వ్యాసమే, నీటిని పొదుపు చేయాలని వాదించేదీ వ్యాసమే. ఈ మూడింటినీ చదవవలసిన తీరు ఒకటి కాదు. మొదటిదానిలో వివరాలను పోగుచేసుకోవాలి. రెండోదానిలో కారణానికీ కార్యానికీ మధ్య లంకెను పరీక్షించాలి. మూడోదానిలో వాదన నిలుస్తుందా అని అడగాలి.

మరోవైపు, ‘సృజనాత్మకత’ శీర్షిక కింద కరపత్రం తయారు చేయమని, ఇంటర్వ్యూకు ప్రశ్నలు రాయమని, నినాదాలు కూర్చమని మన అభ్యాసాలు అడుగుతాయి. అంటే గుర్తించడం నేర్పకుండానే రాయడం ఆశిస్తున్నాం. ‘అపరిచిత గద్యం’లో పరిస్థితి ఇంకా విచిత్రం. రచనకు ఉన్న శీర్షికను, చిత్రాన్ని, పట్టికను తొలగించి ఒక పేరాను మాత్రమే విద్యార్థి ముందుంచుతాం. అది ఏ జాతి రచనో చెప్పగల ఆనవాళ్ళను మనమే చెరిపివేసి, అవగాహనను పరీక్షిస్తున్నామన్నమాట.

3. సంప్రదాయంలో పాఠ్య విభజన:
రచనను దాని ప్రయోజనాన్ని బట్టి విభజించడం మనకు కొత్త కాదు. వాఙ్మయం శాస్త్రమని, కావ్యమని రెండు విధాలని రాజశేఖరుడు కావ్యమీమాంసలో పేర్కొన్నాడు. ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అనే అలంకారికుల విభజన మరింత ఉపయుక్తమైనది. రచన పాఠకునితో ఏ సంబంధాన్ని కోరుతున్నదో దాన్ని బట్టి చేసిన విభజన అది. శాసించే రచన, హితవు చెప్పే రచన, మనసు రంజింపజేసి ఒప్పించే రచన వేర్వేరు అన్న ఎరుక అందులో ఉంది. అలంకారికులు దీన్ని కావ్యప్రశస్తి కోసం వాడారు. ప్రాథమిక బోధనలో మొదటి రెండింటికి కూడా అంతే శ్రద్ధ అవసరం.

అయితే ఈ సంప్రదాయమే ఒక చిక్కునూ మిగిల్చింది. పావులూరి మల్లన గణితాన్ని పద్యాల్లో రాశాడు. అంటే మన సంప్రదాయంలో రచన బాహ్యరూపం దాని ప్రయోజనాన్ని చెప్పదు. పద్యమైనంత మాత్రాన కావ్యం కాదు. ఆధునిక కాలంలోనూ ఇదే ధోరణి మరో రూపంలో కొనసాగింది. మహీధర నళినీమోహన్ పాపులర్ సైన్సు పుస్తకాల్లో ఒకదాని పేరు ‘క్యాలెండర్ కథ’. అక్కడ కథ అంటే కల్పన కాదు, ఒక విషయం పుట్టుపూర్వోత్తరాలు. పిల్లలను ఆకట్టుకోవడానికి ఆ పేరు ఎంతో సాయపడింది. కానీ పేరును చూసి రచనాభేదాన్ని నిర్ణయించమని విద్యార్థికి చెప్పలేమని కూడా అది గుర్తుచేస్తుంది.

4. సంకేతపదాల పద్ధతి – తెలుగు వాక్యం:
వర్ణన, క్రమం, కారణం, పోలిక, సమస్యా–పరిష్కారం అనే పాఠ్యనిర్మాణాల విభజనకు బానీ మేయర్ 1975 నుంచి చేసిన పరిశోధన మూలం. దీని ఆధారంగా ఆంగ్ల తరగతుల్లో సంకేతపదాల జాబితాలు ప్రచారంలోకి వచ్చాయి. వాటిని అనువదిస్తే ‘మొదట, తరువాత, చివరగా, ఎందుకంటే, అయితే’ వంటి మాటలు వస్తాయి. ఆ మాటను గుర్తిస్తే పాఠ్యరకం తెలిసినట్లే అన్నది ఇందులోని ఆలోచన.

తెలుగు వాక్యం ఇందుకు సులువుగా లొంగదు. ఈ వ్యాసం కోసం కూర్చిన మూడు వాక్యాలను చూడండి:

(అ) నీటిని మరిగించి, చల్లార్చి, వడకట్టండి.
(ఆ) నీటిని మరిగించి, చల్లార్చి, వడకట్టారు.
(ఇ) నీటిని మరిగించి, చల్లార్చి, వడకడతారు.

మొదటిది విధానం, రెండోది జరిగినదాని కథనం, మూడోది వాడుకను తెలిపే నివేదిక. మూడింటిలోనూ ‘మొదట’, ‘తరువాత’ అన్న మాటలు లేవు. క్రమాన్ని క్త్వార్థకాలు మోస్తున్నాయి. అవి మూడు వాక్యాల్లోనూ ఒక్కటే. భేదమంతా చివరి సమాపక క్రియలో ఉంది. అంటే తెలుగు పాఠకుడు వాక్యం చివరిదాకా చదివితే తప్ప అది ఏ రకమైన సమాచారమో తేల్చుకోలేడు. మాట మాటగా కూడబలుక్కుంటూ చదివే విద్యార్థి వాక్యం చివరికి చేరేసరికి అలసిపోతాడు. క్రియాంతాన్ని ఊహించి చదివేస్తాడు. ‘వడకట్టాలి’ని ‘వడకట్టారు’గా చదవడాన్ని మనం ఉచ్చారణదోషంగా సరిదిద్ది ఊరుకుంటాం. నిజానికి అక్కడ తప్పిపోయింది పాఠ్యరకం.

కారణం విషయంలో చిక్కు మరింత సూక్ష్మం. ‘ఉప్పుగాలి తగిలి ఇనుము తుప్పు పట్టింది’, ‘రమ స్నానం చేసి బడికి వెళ్ళింది’ అనే వాక్యాల్లో క్త్వార్థకమే ఉన్నా, మొదటిదానిలో అది కారణాన్ని, రెండోదానిలో కేవలం పూర్వకాలాన్ని తెలుపుతున్నది. ‘ఎందుకంటే’ కోసం వెతికే విద్యార్థికి మొదటి వాక్యంలోని కారణం కనబడదు. దీనికి తెలుగులోనే ఒక సులువైన పరీక్ష ఉంది. క్త్వార్థకాన్ని ‘-డం వల్ల’గా మార్చి చూడాలి. ‘ఉప్పుగాలి తగలడం వల్ల ఇనుము తుప్పు పట్టింది’ అన్నది నిలుస్తుంది. ‘స్నానం చేయడం వల్ల బడికి వెళ్ళింది’ అంటే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వే వారికి భేదం తెలిసిందనడానికి ఆధారం.

క్రియాంతాలు పాఠశాల సమస్యగా చర్చకు రావడం ఈ ప్రాంతానికి అనుభవమే. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్స్, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి కలిసి లేవనెత్తిన ప్రశ్న తరగతిగదిలోని తెలుగు గురించే. పిల్లవాడు మాట్లాడే క్రియారూపానికి పుస్తకంలో చోటు కల్పించడం వారి పోరాటంలో ముఖ్యాంశం. ఆ చోటు దొరికింది. ఆ రూపాలు చేసే పనిని నేర్పడం మిగిలి ఉంది.

5. ‘తీరం దాటుతుంది’ – ఒక రూపం, రెండు అర్థాలు:
ఆధునిక తెలుగులో భవిష్యత్తుకూ తద్ధర్మానికీ రూపం ఒక్కటే. ‘తుపాను తీరం దాటాక బలహీనపడుతుంది’ అన్న వాక్యం పాఠ్యపుస్తకంలో ఉంటే అది తుపానుల స్వభావాన్ని తెలిపే నివేదిక. అదే వాక్యం వాతావరణ ప్రకటనలో ఉంటే రాబోయే ఒక తుపాను గురించిన సూచన. వ్యాకరణం వీటిని విడదీయదు. పాఠ్యరకం విడదీస్తుంది. కాబట్టి క్రియను బట్టి పాఠ్యరకాన్ని గుర్తించడం ఎంత అవసరమో, పాఠ్యరకాన్ని బట్టి క్రియార్థాన్ని నిర్ణయించుకోవడం కూడా అంతే అవసరం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ ప్రకటించారు అన్న ప్రశ్నలు అప్పుడు అదనపు సమాచారం కావు. అర్థనిర్ణయంలో భాగమే.

విశాఖలో ఇది పుస్తకాల చర్చతో ముగిసే విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం వద్దనే తీరం దాటింది. తుపాను రోజుల్లో ‘ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న మాట ఇక్కడి పిల్లలకు పరిచితం. ఈ సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్లని అందరూ అనుకుంటారు. స్థూలంగా అది సరైనదే. కానీ 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదాన్ని తెలిపేవి. తుపాను ఓడరేవును తన మార్గానికి ఎడమవైపు విడిచి పోతుందా, కుడివైపు విడిచి పోతుందా, దాని మీదుగానో సమీపంలోనో దాటుతుందా అన్నది వాటి మధ్య భేదం. 8, 9, 10 తీవ్ర ప్రమాద స్థాయిలో ఇదే విభజనను అనుసరిస్తాయి. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. పైగా అధికారిక పరిభాషలో 3 స్థానిక జాగ్రత్త సూచన, 4 స్థానిక హెచ్చరిక మాత్రమే. ‘ప్రమాదం’ అన్న మాట 5 నుంచి మొదలవుతుంది. పత్రికల తెలుగు అన్నింటినీ ‘ప్రమాద హెచ్చరిక’గా చెప్పడంతో జాగ్రత్తకూ ప్రమాదానికీ మధ్య గీత చెరిగిపోయింది. అంకె కొలతా, సంకేతమా అని అడగడం నేర్పే పాఠానికి ఇంతకంటే మంచి పాఠ్యం దొరకదు.

‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అన్న ప్రకటనలోని ‘రాదు’ కూడా ఇటువంటిదే. ఇంట్లో ‘వెళ్ళొద్దు’ అని వినే పిల్లవానికి ‘వెళ్ళరాదు’, ‘నిషేధించడమైనది’ అన్న రూపాలు పరాయివి. పెద్దలకు చదువు లేని ఇళ్ళలో ఆ ప్రకటనను చదివి చెప్పవలసింది అతడే. అది సలహాగా అర్థమైతే ఒక పడవ సముద్రంలోకి వెళ్తుంది.

6. తరగతిగదిలో అన్వయం:
ఒకే విషయం మీద భిన్న పాఠ్యాలను పక్కపక్కన ఉంచడం ఉత్తమ మార్గం. విశాఖ ఉక్కు కర్మాగారాన్నే తీసుకుందాం. 1966 నాటి ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం – ఇది కథనం. క్రియలు ‘-ఆరు’, ‘-ఇంది’తో ముగుస్తాయి. ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి కొలిమిలో ఏమవుతాయో చెప్పేది కారణ వివరణ. ‘హెల్మెట్ ధరించాలి’ అన్నది విధి. విద్యార్థులు ముందు ప్రతి వాక్యంలో చివరి మాట కింద గీత గీస్తారు. తర్వాత వాక్యాలను గుంపులుగా పేరుస్తారు. చివరగా ప్రతి గుంపూ ఏ ప్రశ్నకు జవాబో చెబుతారు: ఏం జరిగింది? ఎలా ఉంటుంది? ఎందుకు జరుగుతుంది? ఏం చేయాలి? వ్యాకరణ పరిభాష వారికి అవసరం లేదు. ఆ రూపాలన్నీ వారి నోట ఉన్నవే.

2020 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన, తెలుగు–ఇంగ్లీషు పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉండే పుస్తకాలు దీనికి మరో అవకాశం. ఇంగ్లీషు వాక్యంలో గుర్తు ఎక్కడుంది, తెలుగు వాక్యంలో ఎక్కడుంది అని రెండు పుటలనూ పోల్చి చూపవచ్చు.

7. పరిమితులు:
ఈ పద్ధతికి లొంగని వాక్యాలు ఉన్నాయి. ‘విశాఖపట్నం ఓడరేవు నగరం’, ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ – రెండూ క్రియారహిత వాక్యాలే. మొదటిది సమాచారం, రెండోది ఒక డిమాండు. వీటిని విడదీయడానికి ‘దీన్ని కాదనేవారు ఉన్నారా?’ అన్న ప్రశ్నే మార్గం. కాదనేవారు ఉన్నందువల్లనే ఆ నినాదం పుట్టింది. అలాగే నిజజీవితంలోని రచన ఒకే రకంగా ఉండదు. వార్తలో కథనం, వివరణ, సలహా కలిసి ఉంటాయి. అందువల్ల మొత్తం రచనకు ఒక పేరు పెట్టించడం కంటే, ఎక్కడ ఒక రకం ముగిసి మరొకటి మొదలైందో గుర్తింపజేయడం మేలు. పేర్ల జాబితాను వల్లె వేయించి పరీక్షలో అడిగితే ఈ పద్ధతి కూడా మరొక కంఠస్థ పాఠంగానే మిగులుతుంది.

8. ముగింపు:
సమాచార పాఠ్యాలను ‘వ్యాసం’ అనే ఒకే పేరుతో సరిపెట్టడం వల్ల వాటిని చదవవలసిన భిన్నరీతులు విద్యార్థికి అందడం లేదు. ఆంగ్లంలోని సంకేతపదాల పద్ధతి తెలుగులో పాక్షికంగానే పనిచేస్తుంది. ఇక్కడ సమాపక క్రియ మొదటి ఆధారం, క్త్వార్థకం మీద ‘-డం వల్ల’ పరీక్ష రెండోది, పాఠ్యం వెలువడిన సందర్భం మూడోది. అసమాపక క్రియల పేర్లను ఉన్నత తరగతుల్లో పరీక్ష కోసం నేర్పుతున్నాం. ఆ క్రియలు చేసే పనిని మూడో తరగతిలోనే, పేర్లు లేకుండా నేర్పవచ్చు. వాచక రచయితలు తరువాతి పుస్తకంలో ఒక హెచ్చరికను, ఒక పట్టికను, ఒక విధానాన్ని వాటి అసలు రూపంలో, శీర్షికలతో, తేదీలతో సహా చేర్చి, ప్రక్రియ పేరును విద్యార్థే చెప్పేలా ఖాళీగా వదిలితే ఈ మార్పు మొదలవుతుంది.