కరిగించుకుంటే సరా, వదలొద్దూ!

గానుగ ఆడించాక మిగిలే చెక్కను చాలామంది గేదెల దాణా లెక్కలోనే వేస్తారు. కోస్తా జిల్లాల్లో మాత్రం నువ్వుల చెక్కకు తెలగపిండి అని గౌరవమైన పేరుంది. మునగాకు వేసి కూర వండుతారు, బాలింతకు ప్రత్యేకంగా పెడతారు. అందులో ప్రోటీన్ దండిగా ఉంటుంది. వేరుశనగ చెక్క అయితే ఇంకా ఘనం, బరువులో దాదాపు సగం ప్రోటీనే. ఆ ప్రోటీన్‌ను పిండిలోంచి విడదీయడం నాకు ల్యాబులో ఉద్యోగం, వంటింట్లో సరదా.

వంటింటి పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తాజా చెక్కను మెత్తగా దంచి, పదింతల నీళ్లు పోసి, కాస్త తినే సోడా వేసి గంటసేపు నానబెట్టి మధ్యమధ్య కలియబెడతాను. సోడా నీళ్లకు క్షారగుణం ఇస్తుంది. దాంతో ప్రోటీన్ అణువుల మీద ఋణావేశం పెరిగి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలోకి దిగుతాయి. పలచటి గుడ్డలో వడగడితే పాలలాంటి ద్రవం కారుతుంది, పిప్పి పైన నిలుస్తుంది. ఇక నిమ్మరసం కొంచెం కొంచెంగా పిండాలి. సోడా ఉంది కనుక బుసబుసా పొంగుతుంది, గిన్నె పెద్దది పెట్టుకోవాలి. పీహెచ్ నాలుగున్నర దగ్గరికి వచ్చేసరికి ధన, ఋణావేశాలు సరికి సరి అయిపోతాయి. నెట్టుకునే బలం పోయి అణువులు గుంపు కట్టి విరుగుతాయి, పైన తేట నిలుస్తుంది. పన్నీరు చేసే చేతికి ఇది కొత్త విద్యేం కాదు.

బూజు వాసన వచ్చే చెక్కను మాత్రం దగ్గరికి రానివ్వకండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి మేతలోని వేరుశనగ చెక్కను వెతుక్కుంటూ పోయి పట్టుకున్న విషమే అఫ్లటాక్సిన్. సోడా, నిమ్మరసం దాన్ని పోగొట్టవు.

ఈ నీళ్లు, ఉప్పు, సోడా వ్యవహారానికి శాస్త్రంలో పెద్దదిక్కు థామస్ ఆస్బర్న్. అమెరికాలో కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేశాడు. గింజల ప్రోటీన్లను అవి దేనిలో కరుగుతాయో చూసి విడదీశాడు: ఉత్త నీళ్లలో కరిగేవి అల్బుమిన్లు, ఉప్పునీళ్లలో గ్లోబులిన్లు, ఆల్కహాలు కలిపిన నీళ్లలో ప్రోలమిన్లు, పలచటి క్షారంలోనో ఆమ్లంలోనో గ్లూటెలిన్లు. వందేళ్లు దాటినా పాఠ్యపుస్తకాల్లో ఆ వరసే నడుస్తోంది. ఆయన వాడిన ద్రావకాల్లో భయపడాల్సినవి దాదాపు లేవని గమనించండి. ఇప్పుడు మనం పర్యావరణ హితం అని పేరు పెట్టి వెతుకుతున్న వాటిలో సగం ఆయన బల్ల మీద అప్పటికే ఉన్నాయి.

మరి చిక్కు ఎక్కడ? ప్రోటీన్ దగ్గర కాదు, దానికి ముందు పోవలసిన నూనె దగ్గర. గానుగ చెక్కలో నూనె ఎంతో కొంత మిగిలే ఉంటుంది, అది ప్రోటీన్ వెంటే వచ్చి పొడిని మక్కిపోయేలా చేస్తుంది. అందుకే ఫ్యాక్టరీలు హెక్సేన్‌తో కడుగుతాయి. మన దగ్గర తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లలో తిరిగేది అదే. పెట్రోలియం నుంచి వస్తుంది, ఇట్టే అంటుకుంటుంది, ఏళ్ల తరబడి పీల్చితే కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది. శరీరంలో అది హెక్సేన్‌డయోన్‌గా మారడమే అందుకు కారణం. ఇన్ని అవగుణాలున్నా దాన్ని ఎవరూ కదపలేకపోవడానికి ఒకే ఒక్క సుగుణం చాలింది. సుమారు 69 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. నూనెను పట్టుకున్నంత సులువుగా వదిలేస్తుంది, మళ్లీ చల్లబరిచి వాడుకోవచ్చు. అయితే చెక్కలో ఇంకిన హెక్సేన్‌ను తరమడానికి ఆవిరి పట్టిస్తారు చూశారూ, ఆ వేడికి ప్రోటీన్ ముడుచుకుపోయి నీళ్లలో సరిగ్గా కరగదు. నూనె మిల్లుకు నూనె ముఖ్యం. ప్రోటీన్ తీసేవాడి ఏడుపు వాడిది.

కొత్త ద్రావకాల గురించి ఉత్సాహంగా చెప్పేవాళ్లను నేను అడిగేది ఈ వదలడం గురించే. 2003లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఆబట్ బృందం ఓ చిత్రం చూపించింది. కోలిన్ క్లోరైడ్ 302 డిగ్రీలకు గానీ కరగదు, యూరియా 133కి. మొదటిది కోళ్లదాణాలో కలిపేది, రెండోది పొలంలో చల్లేది. ఒక పాలు కోలిన్ క్లోరైడ్‌కు రెండు పాళ్ల యూరియా, మోళ్ల లెక్కన, కలిపి వేడిచేస్తే చల్లారినా గడ్డకట్టని ద్రవం తయారవుతుంది. 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. వీటిని డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లు అంటున్నారు. చక్కెరలు, పండ్ల ఆమ్లాలతో కూడా చేయవచ్చు. ఆవిరి కావు, మంట అంటుకోవు, ముడిసరుకు చవక. మొదటిసారి కలిపి చూసినప్పుడు నాకూ ముచ్చటేసింది. రెండు తెల్లటి పొడులు కళ్లముందే పారదర్శకంగా కరిగిపోతాయి మరి.

కానీ ఆవిరి కాకపోవడం అనే ఆ గుణమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ప్రోటీన్‌ను పట్టుకున్నాక ద్రావకం ఎలా పోతుంది? మరిగించి తరమలేం. నీళ్లకన్నా వందల రెట్లు చిక్కన, వడగట్టబోతే కదలదు. పలచబరచడానికి నీళ్లు పోస్తే, మళ్లీ వాడుకోవడానికి ఆ నీళ్లన్నీ ఇగర్చాలి. పైగా గాఢమైన యూరియా ప్రోటీన్ మడతలు విప్పేస్తుందని జీవరసాయనం చదివిన వాళ్లందరికీ తెలుసు. తినే పొడిలో యూరియా జాడ మిగిలిందంటే పరువు పోతుంది, పాలల్లో యూరియా కల్తీ మీద కేసులు పెట్టే దేశం మనది!

అలాగని తీసిపారేయను. తినడానికి పనికిరాని ప్రోటీన్ ఉంది, కెరాటిన్. గొర్రె ఉన్ని, కోడి ఈకలు, వెంట్రుకలు దాదాపు అదే. గంధకం బంధాలతో బిగిసి ఉంటుంది కనుక నీళ్లకు, సోడాకు లొంగదు. తోళ్ల శుద్ధిలో వాడే సోడియం సల్ఫైడ్ లాంటి కంపు రసాయనాలు కావాలి. కోలిన్ క్లోరైడ్, యూరియా ద్రవాన్ని వంద డిగ్రీలు దాటించి వేడిచేస్తే ఉన్ని అందులో కరుగుతుంది. 2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలు తెలంగాణవి, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. గొంగళ్లు నేసేవాళ్లు తగ్గాక దక్కనీ గొర్రెల ముతక ఉన్నికి అడిగే దిక్కు లేదు. ఈ కొత్త ద్రావకాల మీద ప్రాజెక్టు రాసే పిల్లలకు వేరుశనగ చెక్క బదులు ఆ ఉన్ని మూట ఇస్తాను నేను.

తిండి ప్రోటీన్‌కు మాత్రం నా ఓటు నీళ్లకే. అవీ ఉచితం కావు. పొడి ఆరబెట్టడానికి కిలో నీటికి రెండు వేల కిలోజౌళ్ల పైనే వేడి కావాలి, ఆమ్లం క్షారం కలిసిన చోట ఉప్పునీళ్లు మిగులుతాయి. అయినా లెక్క కళ్లకు కనిపిస్తుంది, దాచడానికి ఏమీ ఉండదు. మారవలసింది ముందుమెట్టు, ఆ హెక్సేన్. 2023 జనవరిలో యూరోపియన్ యూనియన్ ఆహార పదార్థాల వెలికితీతకు 2-మిథైల్ ఆక్సొలేన్‌ను అనుమతించింది. మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి నుంచి వచ్చే ఫర్‌ఫ్యూరాల్‌తో దీన్ని తయారుచేయవచ్చు. 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంటే ఇదీ వదిలే రకమే. చెరకు పిప్పికి మనకు కొదవ లేదు. మన తవుడు మిల్లులు దాన్ని కొనేదీ లేనిదీ లీటరు ధర, పాత ట్యాంకుల మరమ్మతు ఖర్చు తేల్చాలి.