చిన్నమెదడు: ఒక పాత నిర్వచనం

“చిన్నమెదడు శరీరపు తూకాన్ని కాపాడుతుంది.” మచిలీపట్నంలోనైనా గుడివాడలోనైనా ఉన్నత పాఠశాల విద్యార్థిని అడిగితే ఈ వాక్యమే ఒప్పజెబుతాడు. వాక్యం తప్పు కాదు, అసంపూర్ణం. ఈ కొరత వల్ల మన వృద్ధులకు కలిగే నష్టాన్ని విచారించవలసి ఉన్నది.

ముందు దాని గుణాన్ని చెప్పుకుందాం. 1824లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్స్, పావురాల చిన్నమెదడును తొలగించిన ప్రయోగాలను ప్రకటించాడు. వాటికి చూపు, వినికిడి పోలేదు. కదలికల పొందిక మాత్రం పోయింది. ఈ సీమదే అయిన కూచిపూడి నాట్యంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచున నిలిచి తరంగం ఆడటం ఆ పొందికకు చక్కని ఉదాహరణ. కాని ఆ నర్తకే భామాకలాపంలో సత్యభామ కోపాన్నీ, విరహాన్నీ పాళ్లు తప్పకుండా అభినయిస్తుంది. ఈ రెండవ పొందికలో చిన్నమెదడుకు పాలు లేనట్లే పాత నిర్వచనం మాట్లాడుతుంది.

బరువులో మెదడు మొత్తానికి పదోవంతే అయినా, 2009 నాటి లెక్క ప్రకారం సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. 1998లో అమెరికా పరిశోధకులు ష్మామన్, షెర్మన్, జబ్బు చిన్నమెదడుకే పరిమితమైన 20 మంది రోగుల పరిశీలనను ప్రకటించారు. ముఖ్యంగా దాని వెనుక భాగం చెడినప్పుడు పనులు వరుసగా యోచించడం, మాటలు కూర్చుకోవడం కుంటుపడ్డాయి. భావాలు మొద్దుబారడమో, సందర్భానికి మించడమో జరిగింది. అనగా అడుగు కొలత తప్పినట్లే ఆలోచన, ఉద్వేగం కూడా కొలత తప్పగలవు.

దివిసీమ పల్లెలో ఒక పెద్దాయనకు చిన్నమెదడులో పక్షవాతం వచ్చిందనుకోండి. కొన్నాళ్లకు నడక కుదుటపడింది, మాటతీరు మాత్రం మారింది. పాత నిర్వచనం చదివినవారు “జబ్బు తగ్గింది, ఇది ముసలితనపు చాదస్తం” అంటారు. రోగలక్షణాన్ని స్వభావదోషంగా ఎంచడం ఆయనకు అన్యాయం చేయడమే.

అయితే మతి తప్పే వ్యాధులన్నిటినీ చిన్నమెదడుకే అంటగట్టరాదు. అల్జీమర్స్ వ్యాధిలో నాశనం మొదట జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్ పరిసరాలలో కనిపిస్తుంది. అమిలాయిడ్ మచ్చలు చిన్నమెదడును చేరేది చివరి దశలో. వయస్సుతో చిన్నమెదడు కొంత కుంచించుకుపోవడం కద్దు. అంతమాత్రాన అది డిమెన్షియా కాదు. తూకపు కసరత్తులు డిమెన్షియాను నయం చేస్తాయనడానికీ ఆధారం లేదు.

కనుక ఉపాధ్యాయులు పాత వాక్యాన్ని కొట్టివేయనక్కరలేదు. “చిన్నమెదడు కదలికలకే గాక ఆలోచనకు, ఉద్వేగానికి కూడా పొందిక కూర్చడంలో తోడ్పడుతుంది” అని పొడిగిస్తే చాలు. అది నేర్చిన విద్యార్థి, తాతగారి నడకతో పాటు మాటతీరులోని మార్పును కూడా వైద్యునికి చెప్పగలుగుతాడు.