‘పోవు’ క్రియకు ఇంగ్లీషు అర్థాలు: ద్విభాషా నిఘంటువుల పద్ధతిపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

గమనాన్ని తెలిపే క్రియలు ద్విభాషా నిఘంటువులకు గట్టి పరీక్ష. చెక్ భాషలో కాలినడకన వెళ్ళడానికి ‘యీత్’, వాహనంపై వెళ్ళడానికి ‘యెత్’ అనే వేర్వేరు క్రియలున్నాయి. రెండింటికీ ఇంగ్లీషులో సాధారణంగా ‘గో’ అన్న అర్థమే ఇస్తారు. తెలుగులో ‘వెళ్ళు’, ‘పోవు’ క్రియల మధ్య భేదం ప్రయాణసాధనంలో లేదు. వాక్యనిర్మాణంలోను, ప్రాంతంలోను ఉంది. సి.పి. బ్రౌన్ (1852) మొదలు జె.పి.ఎల్. గ్విన్ (1991) వరకు తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆరోపం కింద సమానార్థకాలను పేర్చడమే ప్రధాన పద్ధతి. ఆధునిక వ్యవహారానికి చోటివ్వడం గ్విన్ సాధించిన ముందడుగు. అయినా ‘పోవు’ వంటి క్రియకు అర్థాల వరుస ఒక్కటే చాలదు.

వాక్యనిర్మాణం – అర్థభేదం

“వాడు తార్నాక పోయాడు” అన్నప్పుడు కర్త మనిషి, గమ్యం ఉంది, ‘గో’ సరిపోతుంది. “వాడి పర్సు పోయింది” అన్నప్పుడు ఇంగ్లీషులో ‘లూజ్’ క్రియ వస్తుంది. పోగొట్టుకున్నవాడు కర్తగా, పర్సు కర్మగా మారతాయి. ఇక్కడ ‘వెళ్ళు’ చెల్లదు. “రంగు పోయింది”, “కరెంటు పోయింది” అన్న వాక్యాలకు మళ్ళీ వేరు వేరు ఇంగ్లీషు క్రియలు కావాలి. “పడిపోయాడు”లో ‘పోవు’ సహాయక్రియగా పని ముగిసిపోవడాన్ని సూచిస్తుంది. దానికి విడిగా ఇంగ్లీషు మాట అవసరం ఉండదు. “చేయబోతున్నాడు”లో ద్రుతం మీది పకారం బకారమై, క్రియ ఆసన్న భవిష్యత్తును తెలుపుతుంది. ఇంగ్లీషులోని ‘గోయింగ్ టు’ కూడా గమనక్రియ నుంచే ఏర్పడడం గమనార్హం.

ప్రాంతభేదం

గమ్యం చెప్పకుండా “ఆయన పోయాడు” అంటే కోస్తా వ్యవహారంలో సాధారణంగా మరణమని అర్థం. తెలంగాణలో “ఆయన పోయిండు” అంటే సాధారణంగా వెళ్ళిపోయాడనే. మరణార్థం సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. “సారు తార్నాకకు పోయిండు” అన్న వాక్యంలో అమర్యాద లేదు. ప్రాంతసూచన లేకుండా ‘డై’ అన్న అర్థాన్ని చేర్చిన నిఘంటువు ఒక ప్రాంతపు వాడుకను మొత్తం భాషకు అంటగడుతుంది. దాన్ని నమ్మిన అనువాదకుడు తెలంగాణ కథలో ఊరెళ్ళిన పాత్రను చంపేసే ప్రమాదం ఉంది. దాన్నే ప్రమాణంగా తీసుకున్న అధ్యాపకుడు విద్యార్థి రాసిన “పోయిండు”ను తప్పుగా దిద్దుతాడు. మొదటిది అర్థదోషం, రెండోది ఒక ప్రాంత భాషకు జరిగే అన్యాయం.

ముగింపు

ఈ క్రియకు ఆరోపం రాసేటప్పుడు కర్త స్వభావం, గమ్యం ఉండటం లేదా లేకపోవడం, సహాయక్రియా ప్రయోగం, ప్రాంతం అనే నాలుగు సూచనలు ప్రతి అర్థానికీ జతచేయాలి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది. నాగలి భాగాల పేర్లపై చూపిన శ్రద్ధ నిత్యవ్యవహార క్రియలకూ దక్కాలి. ఆయన ఆచార్యుడిగా పనిచేసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని పక్కనే తార్నాకలో ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం కలిసి చేయదగిన పని ఇది.