వాన సరే, గాలి సంగతేమిటి?

ఇంగ్లండ్ వాయవ్య మూల లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో బారోడేల్ అనే లోయ ఉంది. దాని చివర సీత్‌వెయిట్ అనే చిన్న పల్లె. ఇంగ్లండ్‌లో జనం నివసించే చోట్లన్నిటిలో ఎక్కువ వాన పడేది అక్కడే, ఏడాదికి సుమారు 3500 మిల్లీమీటర్లు. లోయ వెంట పన్నెండు పదమూడు కిలోమీటర్లు దిగివస్తే కెస్విక్ పట్టణం వస్తుంది. అక్కడ పడేది అందులో సగం కూడా ఉండదు. మరో అరగంట తూర్పుకు వెళ్లి పెన్రిత్ చేరితే ఇంకా తగ్గుతుంది. నైరుతి నుంచి తేమ మోసుకొచ్చే గాలి కొండలెక్కేటప్పుడే బరువంతా దించేసుకుంటుంది, అవతలి వాలుకు చేరేసరికి దాని దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. దేశానికి తూర్పు కొసన ఉన్న ఎసెక్స్‌లో ఏడాది మొత్తం కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. మన అనంతపురం వర్షపాతమూ ఇంచుమించు అంతే. కాకపోతే అనంతపురంలో ఆ వాన కొద్ది రోజుల్లో పడిపోతుంది, ఎసెక్స్‌లో ఏడాది పొడవునా తుంపరగా, జల్లుగా సాగుతుంది.

బ్రిటన్‌లో పిల్లలతో కారవాన్ సెలవు అనుకున్న ప్రతి ఇంట్లోనూ ఆగస్టులో ఒక ప్రశ్న లేస్తుంది. వాన అంటున్నారు, వెళ్దామా, మానేద్దామా? ఈ కాలమ్ ఉద్దేశంలో ఆ ప్రశ్న వేసే తీరే సరిగా లేదు. ఏ చోట పడే వాన, ఎంత గాలితో, ఎలాంటి నేల మీద అని అడిగితే జవాబు చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఇక్కడ కారవాన్ అంటే మన సినిమా షూటింగుల దగ్గర తారల కోసం నిలబెట్టే బస్సు కాదు. దీనికి ఇంజిన్ ఉండదు. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది ఇది. పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, మూల మరుగుదొడ్డి, అన్నీ ఐదారు మీటర్ల పొడవులోనే. సరదా ప్రయాణానికని ఇలాంటి ఇల్లు మొదట కట్టించుకున్న వ్యక్తిగా డాక్టర్ విలియం గోర్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. స్కాట్లండ్ మనిషి, నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి తర్వాత పిల్లలకు సాహస కథలు రాశాడు. 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ వాళ్ల చేత ‘వాండరర్’ అనే బండి చేయించి, రెండు గుర్రాలు కట్టి, బెర్క్‌షైర్‌లోని ట్వైఫర్డ్ నుంచి ఉత్తరాన ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. ఆయన సహాయకుడు మూడు చక్రాల సైకిల్ మీద ముందుగా వెళ్లి, దారి ఇరుకుగా ఉందా, ఎదురుగా ఏమైనా వస్తోందా అని చూసేవాడు. ఆ ఏర్పాటులో మంచి తెలివి ఉంది. బండి కదిలాక వెనక్కి తిప్పడం కష్టం, అందుకే దారిని ముందే ఎవరో ఒకరు చూసి ఉండాలి. 1919లో ఎక్లిస్ కంపెనీ కారుతో లాగే కారవాన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. గుర్రాలు పోయాయి గానీ ముందు చూసుకోవాల్సిన అవసరం పోలేదు.

తేదీ మార్చుకుంటే సరిపోతుంది కదా అని హైదరాబాద్‌లో ఉన్న బంధువులు అంటారు. అదే కుదరదు. ఇంగ్లండ్ బళ్లకు వేసవి సెలవులు జులై చివరి నుంచి ఆగస్టు ఆఖరు దాకా, ఆరు వారాలు. బడి నడిచే రోజుల్లో అనుమతి లేకుండా పిల్లల్ని ఐదు రోజులు సెలవుకు తీసుకెళ్తే తల్లికీ తండ్రికీ విడివిడిగా, ఒక్కో బిడ్డకు 80 పౌండ్ల జరిమానా పడవచ్చు. 21 రోజుల్లో కట్టకపోతే 160. 2024 ఆగస్టు నుంచి ఇదీ లెక్క. పడమటి కొండల్లో కాస్త పొడిగా ఉండే నెలలు ఏప్రిల్, మే, జూన్. బడిపిల్లలున్న ఇళ్లకు అవి దొరకవు, అరకొరగా మే చివరి వారం తప్ప. తేదీ చేతిలో లేనప్పుడు మిగిలేది చోటు. సీత్‌వెయిట్‌కూ పెన్రిత్‌కూ మధ్య ఉన్న తేడాను బుక్ చేసే రోజే వాడుకోవాలి. వారం రోజులు కొండల నడుమే ఉండాలని లేదు. కొండలకు తూర్పున దిగి, ఎండ కాసిన రోజు కొండల్లోకి వెళ్లి రావచ్చు.

ఇక జోస్యాల సంగతి. బీగిల్ ఓడ కెప్టెన్‌గా డార్విన్‌ను ప్రపంచం చుట్టూ తిప్పిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, బ్రిటన్ వాతావరణ కార్యాలయానికి తొలి అధిపతి. ఆయన అంచనా 1861 ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో అచ్చయింది. సాధారణ ప్రజలకోసం పత్రికలో వచ్చిన తొలి వాతావరణ అంచనా అదే. ఇవాళ ప్రతి జేబులోనూ పధ్నాలుగు రోజుల అంచనా ఉంది. పది రోజుల తర్వాతి శనివారం మీద మబ్బు, మూడు చినుకుల బొమ్మ కనబడగానే ఇంట్లో మొహాలు వాడిపోతాయి. ఆ బొమ్మను అంత దూరం నుంచి నమ్మడం అనవసరం. అట్లాంటిక్ మీంచి వచ్చే పెద్ద వానపట్టీ జాడ రెండు మూడు రోజుల ముందు బాగానే తెలుస్తుంది. ఏ గంటకు వస్తుందో, ఎప్పుడు దాటిపోతుందో కూడా చాలాసార్లు చెప్పగలరు. విడివిడిగా పడే జల్లులు అలా కాదు. పక్క ఊళ్లో కుండపోత, ఇక్కడ ఎండ. వాటికి ఆ ఉదయం రాడార్ చూడటమే దారి. నలభై శాతం అని రాసి ఉంటే రోజులో నలభై శాతం సేపు వాన అని అర్థం కాదు. అలాంటి అంచనా పదిసార్లు ఇస్తే, ఆ వేళకు ఆ చోట నాలుగుసార్లు వాన పడుతుందని. మిగతా ఆరుసార్లు పిల్లలు బయట ఆడుకుంటారు.

పసుపు, కాషాయం, ఎరుపు హెచ్చరికలనూ రంగు చూసి వదిలేయకూడదు. పసుపు రెండు రకాలుగా రావచ్చు. కొద్దిపాటి ఇబ్బంది తప్పనిసరిగా వస్తుందన్నా పసుపే, పెద్ద ప్రమాదం రావడానికి చిన్న అవకాశం ఉందన్నా పసుపే. కింద రాసిన నాలుగు వాక్యాలు చదివితేనే ఏది ఏదో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, ఆ హెచ్చరిక వానకా, గాలికా అన్నది చూడాలి.

అసలు నిర్ణయం తేలేది అక్కడే. వాన కారవాన్‌ను తడుపుతుంది, గాలి పడగొడుతుంది. నిలువెత్తు పక్కగోడ, లోపల సగం ఖాళీ, బరువు పదమూడు పధ్నాలుగు వందల కిలోలు. మోటార్‌వే మీద పక్కగాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా వెనక బండి అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు పెరిగితే కారునూ లాక్కుపోతుంది. ఆగస్టు నెమ్మది నెల అనుకోవడానికి లేదు. 2020లో ఎలెన్, ఫ్రాన్సిస్, 2023లో ఆంటొని, బెట్టీ, 2025లో ఫ్లోరిస్, పేర్లు పెట్టాల్సినంత పెద్దవైన ఈ తుఫానులన్నీ ఆగస్టులోనే వచ్చాయి. లేక్ డిస్ట్రిక్ట్‌కు తూర్పు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కే ఏ66 రోడ్డు స్టెయిన్‌మోర్ ఎత్తుల మీదుగా పోతుంది. గాలి ముదిరితే ఎత్తైన వాహనాలను దాని మీదికి రానివ్వరు. వేల్స్ వైపు సెవెర్న్ నది మీద ఉన్న పాత వంతెననూ అప్పుడప్పుడు మూసేస్తారు.

2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్లందరూ వేరే పరీక్ష లేకుండా 3500 కిలోల దాకా ట్రైలర్ లాగవచ్చు. ఐటీ ఉద్యోగాల మీద, ఆసుపత్రుల్లో కొలువుల మీద బ్రిటన్ వెళ్లి స్థిరపడ్డ ఎన్నో తెలుగు ఇళ్లకు ఇది తెరిచిన దారి. అద్దెకు తీసుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవచ్చు. అయితే అనుమతి వచ్చినంత మాత్రాన చెయ్యి తిరగదు. ఎప్పుడూ లాగని వాళ్లకు తొలి ప్రయాణం ఈదురుగాలిలో వద్దు, ఈ విషయంలో ఈ కాలమ్‌కు రెండో ఆలోచన లేదు. అలవాటున్నవాళ్లు పాటించే లెక్కలు కొన్ని ఉన్నాయి. నిండా సర్దిన కారవాన్ బరువు ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకపోతే మంచిది. బరువైన సామాను ఇరుసు దగ్గర, కింద ఉండాలి. బియ్యం బస్తా, నీళ్ల డబ్బాలు వెనక మూల పెడితే ఊపు అక్కడే పుడుతుంది. వేగం మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లు మించకూడదు, ఒంటి రోడ్డు మీద 50. తడి రోడ్డు మీద ఆగడానికి కనీసం రెట్టింపు దూరం పడుతుంది. శనివారం గాలి అంటే ఆదివారం బయల్దేరాలి. ఒక రాత్రి అద్దె పోతుంది, పోనివ్వాలి.

నేల సంగతి మరీ ముఖ్యం, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. 1952 ఆగస్టు 15 రాత్రి ఎక్స్‌మూర్ కొండల మీద కురిసిన వాన కిందనున్న లిన్‌మత్ అనే తీరపు ఊరి మీద పడింది. 34 మంది చనిపోయారు. 2004 ఆగస్టు 16న కార్న్‌వాల్‌లోని బోస్కాసిల్‌లో వందకు పైగా వాహనాలు వరదలో కొట్టుకుపోయాయి. హెలికాప్టర్లు సమయానికి రావడంతో ప్రాణాలు దక్కాయి. సరిహద్దులు దాటి చూస్తే, 1996 ఆగస్టు 7న స్పెయిన్‌లోని పిరనీస్ కొండల్లో, బియెస్కాస్ దగ్గర ఒక క్యాంపింగ్ స్థలం మీదికి కొండవాగు విరుచుకుపడి 87 మంది పోయారు. ఆ స్థలం వాగు కొండ దిగి మట్టి, రాళ్లు పోసుకుంటూ వచ్చిన విసనకర్ర మేట మీదే ఉంది. ఎండాకాలంలో చూస్తే చదునుగా, పచ్చగా, ఎంతో బాగుండే చోటు.

ఇవి అరుదైన ఘటనలే. అయినా సెలవుల వేళ వచ్చినవే, కొండ కింద నీటి పక్కన జరిగినవే. ఏటి ఒడ్డున, చప్పుడు వినబడేంత దగ్గర స్థలం దొరికిందని మురిసిపోయే ముందు సైట్ వాళ్లను ఒకటి అడగాలి. ఈ గడ్డి ఎప్పుడైనా మునిగిందా? ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వరద హెచ్చరికలు ఉచితంగా వస్తాయి, ఆ వారానికి ఆ ప్రాంతాన్ని అందులో పెట్టుకోవాలి. వాన అంచనా ఉంటే గడ్డి స్థలం బదులు కంకర పరిచిన హార్డ్‌స్టాండింగ్ తీసుకోవడం మేలు. నాలుగు పౌండ్లు ఎక్కువైనా చక్రాలు కూరుకుపోవు, వెళ్లేరోజు ట్రాక్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇవన్నీ కుదిరాయనుకుందాం. గాలి లేదు, నేల గట్టిది, ఉన్నది ఒట్టి ముసురే. అప్పుడు వీడియో కాల్‌లో విజయవాడ నుంచి అమ్మమ్మ అంటుంది: “ఇంత వానలో పిల్లల్నేసుకుని ఎక్కడికే తల్లీ? జలుబు చేస్తే ఎవరు చూస్తారు?” ఆ మాటను తోసెయ్యనక్కర్లేదు. జలుబు వానతో రాదు గానీ, తడిసిన బట్టలు ఆరక పిల్లలు వణకడం నిజంగా జరిగేదే. కారవాన్‌లో అసలు సమస్య తడవడం కాదు, ఆరబెట్టుకోవడం. కాబట్టి ఆనింగ్ ఉండి తీరాలి. తలుపు పక్కన తగిలించే గుడ్డ వరండా అది. బూట్లు, రెయిన్‌కోట్లు, గొడుగులు అక్కడే ఆగిపోతే పడకలు పొడిగా ఉంటాయి. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలం తీసుకుంటే చిన్న హీటర్ రాత్రంతా పనిచేస్తుంది.

వానపడే సాయంత్రం తెలుగువాళ్ల మనసు మిరపకాయ బజ్జీల మీదికి పోతుంది. చేసుకోవచ్చు, కిటికీ, పైకప్పు గవాక్షం తెరిచి. నలుగురి ఊపిరి, కుక్కర్ ఆవిరి, తడి తువ్వాళ్లు కలిస్తే తెల్లారేసరికి అద్దాల మీంచి నీళ్లు కారతాయి. చలి వేస్తోందని నేలలోని గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కే వాళ్లున్నారు. గ్యాస్ వెలిగే గదిలో ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. బొగ్గుల బార్బెక్యూను వాన తగులుతోందని ఆనింగ్ లోపలికి తేవడం అంతకన్నా ప్రమాదం. మంట ఆరినట్టు కనిపించినా బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. దానికి వాసన లేదు, నిద్రలోనే కుటుంబాలు పోయాయి. అలారం ఒకటి గోడకు ఉండాలి. అద్దె బండి అయితే తాళాలు తీసుకునేటప్పుడే దాన్ని నొక్కి చూడాలి.

పగళ్లు గడవడం అంత కష్టమేం కాదు. కెస్విక్‌లో పెన్సిల్ మ్యూజియం ఉంది. బారోడేల్ కొండల్లో దొరికిన గ్రాఫైట్‌తోనే అక్కడ పెన్సిళ్ల పరిశ్రమ పుట్టింది. హానిస్టర్‌లో పలకరాయి గని లోపలికి తీసుకెళ్తారు. పైన ఎంత కురిసినా గనిలో ఒకటే వాతావరణం. అల్స్‌వాటర్ పక్కన ఏరా ఫోర్స్ జలపాతాన్ని అసలు చూడాల్సింది వాన వెలిసిన మర్నాడే. ఎనిమిదేళ్ల పిల్లలు రబ్బరు బూట్లు వేసుకుని బురదలో దిగితే వాళ్లకు ఎండ గుర్తుకే రాదు. పాకే వయసు పిల్లల సంగతి వేరు. తడి నేల మీద దించలేరు, లోపల తిరగనివ్వడానికి చోటు లేదు, రోజంతా ఒకరి ఒళ్లోనే ఉండాలి. వారమంతా ముసురు అని తేలితే, అంత చిన్న బిడ్డ ఉన్న ఇల్లు ఆ సొమ్ముతో గట్టి కప్పున్న కాటేజీ తీసుకోవడమే మంచిది. అందులో ఓడిపోయిందేమీ లేదు. డబ్బు వెనక్కి వచ్చే ఆఖరి తేదీ ఏదో బుకింగ్ కాగితంలో చూసి, ఆ తేదీ లోపలే మాట తేల్చుకోవాలి.

తిరుగు ప్రయాణం రోజు కూడా వానే అయితే ఆనింగ్‌ను తడిగానే చుట్టి తేవాల్సి వస్తుంది. ఇంటికి చేరిన రాత్రే, ఎంత అలసట ఉన్నా, దాన్ని విప్పి గ్యారేజీలోనో మెట్ల కడ్డీ మీదనో పరవాలి. రెండు మూడు రోజులు సంచిలోనే ఉంటే నల్లటి బూజు పడుతుంది. ఒకసారి పట్టిన మరక ఏ సబ్బుకూ పోదు. కారవాన్ అల్మారా తలుపులు, పరుపుల కింద పెట్టెలు కూడా తెరిచే ఉంచి, మర్నాడు ఎండ వస్తే కిటికీలు తీసి సాయంత్రం దాకా వదిలెయ్యాలి.